ఆ మూడు సెకన్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

బందరు రోడ్డు మీద పటమట దాటి ఆటోనగర్ గేటులోకి తిరిగామంటే ముందు చెవికి తగిలేది సుత్తి చప్పుడు. లారీ బాడీలు కట్టేవాళ్లు, లేత్ వర్కులు, డెంటింగ్, పెయింటింగ్, రేడియేటర్లు, బ్యాటరీలు. చక్రం ఉన్న ఏ బండికైనా అక్కడ వైద్యం దొరుకుతుంది. మా కాలేజీ స్కోర్‌బోర్డుకి చక్రాల్లేవు. అయినా ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి అక్కడికే తీసుకెళ్లాం.

అప్పుడు నేను డిగ్రీ సెకండియర్. బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్నానని ఇంట్లో చెప్పుకునేవాణ్ని గానీ, ఉన్నది బెంచీ మీద. హైటు లేదు, స్పీడు లేదు. అందుకని మా పీడీ సార్ నన్ను టేబుల్ దగ్గర కూర్చోబెట్టేవారు. మొదట స్కోరర్‌గా, తర్వాత టైమర్‌గా. టైమర్ అంటే గడియారం నొక్కేవాడు. రెఫరీ విజిల్ వేస్తే ఆపాలి, లోపలున్న ఆటగాడు బాల్ ముట్టుకుంటే మొదలెట్టాలి. చెప్పడానికి అంతే.

ఆ స్కోర్‌బోర్డు బాగు చేసింది లారీలకి వైరింగ్ చేసే ఒక బాబాయ్. బోర్డు వెనక మూత విప్పి, టార్చి వేసి చూసి, ‘ఇదేంట్రా, ముందుకి కాకుండా వెనక్కి లెక్కపెడుతోంది?’ అన్నాడు. బాస్కెట్‌బాల్‌లో అంతే బాబాయ్, పది నిమిషాల నుంచి సున్నాకి వస్తుంది అన్నాను. ‘మరి సున్నా అయ్యిందో లేదో గొడవొస్తే?’ అన్నాడు. రెఫరీ చూసుకుంటాడులే అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో రెండ్రోజుల్లో తెలిసొచ్చింది.

మా కాలేజీ గ్రౌండ్‌లోనే మ్యాచ్. సిమెంట్ కోర్టు, సాయంత్రం ఎండ ఇంకా పడమట బాస్కెట్ మీదే ఉంది. గెలిచిన టీమ్ సెమీస్‌కి వెళ్తుంది. బాబాయ్ చేసిన బోర్డు రెండు క్వార్టర్లు బ్రహ్మాండంగా నడిచింది. మూడో క్వార్టర్‌లో కరెంటు పోయి, జనరేటర్ వేస్తే, ఆ దెబ్బకి బోర్డు మొత్తం ఎర్రగా ఒకసారి వెలిగి ఆరిపోయింది. తప్పు బాబాయ్‌ది కాదు, జనరేటర్‌ది. ఇక చేతి స్టాప్‌వాచీ, అట్టముక్కల మీద అంకెలు, క్వార్టర్ అయ్యిందని చెప్పడానికి స్కూలు గంటలా వేలాడదీసిన రైలు పట్టా ముక్క.

బోర్డు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. బోర్డు మీద టైమ్ ఉంటే అందరూ చూస్తారు. చేతి వాచీ అయితే అది ఒక్కడికే కనిపిస్తుంది, ఆ ఒక్కణ్నీ నేను. పైగా స్టాప్‌వాచీ ముందుకి లెక్కపెడుతుంది. తొమ్మిది నిమిషాల నలభై ఆరు సెకన్లు అని చూపిస్తే, నేను మనసులో తీసివేత చేసి ‘పద్నాలుగు సెకన్లు’ అని పైకి అరవాలి. టెన్షన్‌లో పది లోంచి ఎన్ని తీసేయాలో కూడా గుర్తురాని పరిస్థితి ఒకటుంటుంది. లెక్కల పరీక్షలో మీకూ వచ్చే ఉంటుంది.

నాలుగో క్వార్టర్ చివర. వాళ్లు బాస్కెట్ వేశారు. 58-57, వాళ్లే ముందు. ఆఖరి రెండు నిమిషాల్లో బాస్కెట్ పడితే గడియారం ఆగుతుంది, అది రూలు. ఆపాను. ‘ఫోర్టీన్!’ అని అరిచాను. రెండు బెంచీలూ విన్నాయి, రెఫరీ తల ఊపారు. మాకు టైమవుట్లు అయిపోయాయి. మావాడు ఎండ్ లైన్ వెనక నుంచి బాల్ లోపలికిచ్చాడు. వాచీ నొక్కాను.

వాళ్లు మీద పడి ప్రెస్ చేస్తున్నారు. మావాళ్లు మధ్యగీత దాటలేకపోతున్నారు. ఇంతలో వాళ్ల గార్డు చెయ్యి విసిరితే బాల్ తగిలి సరాసరి మా టేబుల్ మీదకొచ్చి పడింది. నీళ్ల గ్లాసు దొర్లింది, స్కోర్ షీట్ తడిసింది, పక్కనున్న స్కోరర్ లేచి నా మీద పడ్డాడు. విజిల్ వినపడింది. వినపడిందని నాకు తెలుసు. కానీ నా చెయ్యి వాచీ మీద లేదు, మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. తేరుకుని నొక్కేసరికి 9:56.

అంటే నాలుగు సెకన్లే మిగిలాయి.

మా పీడీ సార్ అప్పటికే బెంచీ దగ్గర్నుంచి అరుస్తున్నారు. ‘బాల్ బయటికెళ్లి ఎంతసేపైంది! వాచీ ఆపలేదు! ఎనిమిదో తొమ్మిదో ఉండాలి!’ అవతలి కోచ్ ఇంకో పక్క నుంచి వచ్చేశారు. ‘టైమర్ వాచీలో ఎంతుంటే అంత. టేబుల్ చెప్పిందే టైమ్. నాలుగు!’

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. నేను నోరు మూసుకుంటే నాలుగు సెకన్లే ఖాయం, నా తప్పు ఎవరికీ తెలీదు, మా టీమ్ నష్టపోతుంది. ‘లేటుగా ఆపాను సార్’ అని నిజం చెబితే, అది మా టీమ్‌కే లాభం. సొంత కాలేజీ కుర్రాడు సొంత కాలేజీకి నాలుగు సెకన్లు రాసిచ్చినట్టుంటుంది. నిజం చెప్పినా దొంగలాగే కనిపిస్తాను.

ఇక్కడ కాస్త ఆగి, ఎవరికి ఏ హక్కుందో చూద్దాం. ఎందుకంటే టీవీలో చూసి చాలామంది అనుకునేది ఏంటంటే, ఎంత గట్టిగా అరిస్తే అంత న్యాయం జరుగుతుందని.

అంతర్జాతీయ సమాఖ్య ఫీబా రూల్స్ ప్రకారం టేబుల్ దగ్గర స్కోరర్, అసిస్టెంట్ స్కోరర్, టైమర్, షాట్ క్లాక్ ఆపరేటర్ ఉంటారు. వీళ్లంతా రెఫరీకి సహాయకులు. గడియారం నొక్కేది టైమరే, కానీ గడియారం ఎంత చూపించాలన్నది తేల్చేది మాత్రం క్రూ చీఫ్, అంటే ఆ మ్యాచ్ ప్రధాన రెఫరీ. కోచ్ టేబుల్ దగ్గరికొచ్చి స్కోరెంత, టైమెంత, ఫౌల్స్ ఎన్ని అని అడగొచ్చు. అదీ బాల్ డెడ్ అయ్యి, గడియారం ఆగి ఉన్నప్పుడు, మర్యాదగా, ఆటకి అడ్డం రాకుండా. రెఫరీతో మాట్లాడే పని కెప్టెన్‌ది. కోచ్ హద్దు మీరితే టెక్నికల్ ఫౌల్, అవతలివాళ్లకి ఒక ఫ్రీ త్రో. అలాంటివి కోచ్ సొంత ఖాతాలో రెండు పడితే బయటికే.

చాలామందికి తెలియని రూలు ఇంకోటుంది. గడియారంలో జరిగిన పొరపాటుని క్రూ చీఫ్ స్కోర్ షీట్ మీద సంతకం పెట్టేవరకూ ఎప్పుడైనా సరిదిద్దొచ్చు. రెఫరీలు సరిదిద్దలేదని టీమ్ అనుకుంటే, మ్యాచ్ అయ్యాక పదిహేను నిమిషాల్లోపు కెప్టెన్ చెప్పి, స్కోర్ షీట్‌లో ప్రొటెస్ట్ కోసం ఉన్న గడిలో సంతకం పెట్టాలి. అంటే ఆట అంతా ఆ కాగితం మీదకొచ్చి ఆగుతుంది. ఆ కాగితం ఆ రోజు నీళ్లలో నానుతోంది, అది వేరే విషయం.

సరే, మన కోర్టుకొద్దాం. ఆ రోజు క్రూ చీఫ్ ఒక హైస్కూల్ పీఈటీ మాస్టారు. సన్నగా, జుట్టు తెల్లబడి, కాళ్లకి మాత్రం కుర్రాళ్ల షూస్. ఆయన పరిగెత్తుకుంటూ రాలేదు. నడిచొచ్చారు. వస్తూనే రెండు చేతులూ చాపి, ‘మాస్టారూ, మీరు అక్కడ. మీరు ఇక్కడ. నేనే పిలుస్తాను’ అని ఇద్దరు కోచ్‌లనీ వాళ్ల వాళ్ల బెంచీల వైపు పంపించారు. కోపంగా కాదు, పెళ్లిలో బంతికి కూర్చోబెడుతున్నట్టు.

తర్వాత నా ముందు వంగారు. ‘మొదలెట్టినప్పుడు ఎంత?’

‘పద్నాలుగు సార్.’

‘అది నేనూ విన్నాను. విజిల్ వినపడగానే ఆపావా?’

గొంతు ఆరిపోయింది. వెనకాల మా పీడీ సార్ చూపు వీపుకి తగులుతోంది. ‘లేదు సార్. లేటైంది. బాల్ మీద పడింది.’

‘ఎంత లేటు?’

‘తెలీదు సార్.’

ఆయన నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. ‘తెలీదు’ అనే జవాబు ఆయనకి పనికొచ్చిందని తర్వాత అర్థమైంది. నేను ‘నాలుగు సెకన్లు లేటు సార్’ అని ఉంటే అది అంచనా. పైగా మా కాలేజీ వాడి అంచనా. ఆయన దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు.

నన్ను వదిలేసి రెండో రెఫరీ దగ్గరికెళ్లారు. కోచ్‌లిద్దరికీ వినపడనంత దూరం తీసుకెళ్లి ఏదో అడిగారు. రెండో రెఫరీ కుడి చెయ్యి ఊపి చూపించారు. ఆరు వేళ్లు.

ఇదీ కిటుకు. బాల్ చేతికొచ్చిన టీమ్ ఎనిమిది సెకన్లలో మధ్యగీత దాటాలి. షాట్ క్లాక్ మెషిన్ లేని కోర్టులో ఆ ఎనిమిదిని రెఫరీ చేత్తో ఊపుతూ లెక్కపెడతాడు. మావాళ్లు ఇంకా గీత దాటలేదు కాబట్టి రెండో రెఫరీ లెక్కపెడుతూనే ఉన్నారు. విజిల్ పడేసరికి ఆరు ఊపులయ్యాయి. లోపలున్నవాడు బాల్ పట్టుకున్నప్పుడే నా వాచీ, ఆయన చెయ్యి రెండూ మొదలయ్యాయి. పద్నాలుగులోంచి ఆరు తీస్తే ఎనిమిది.

నా మాట కాదు, మా పీడీ సార్ అరుపు కాదు, అవతలి కోచ్ వాదన కాదు. కోర్టు మీద ఒక తటస్థ మనిషి చెయ్యి నిజంగా లెక్కపెట్టిన అంకె. అమెరికా స్కూలు బాస్కెట్‌బాల్ రూల్స్‌లోనైతే ఈ సంగతి అక్షరాలా రాసే ఉంటుంది. టైమ్ సరిదిద్దాలంటే రెఫరీ దగ్గర కచ్చితమైన సమాచారం ఉండాలి, రెఫరీ చేత్తో పెట్టిన లెక్కని వాడుకోవచ్చు. డాలస్‌లో, న్యూజెర్సీలో స్కూలు టీమ్‌లో ఆడే మన తెలుగు పిల్లలకి ఇది తెలిసే ఉంటుంది. మన మాస్టారు ఆ పుస్తకం చదివారో లేదో నాకు తెలీదు. చేసింది మాత్రం అదే.

తర్వాత ఇద్దరు కోచ్‌లనీ, ఇద్దరు కెప్టెన్లనీ ఒకేసారి పిలిచారు. ఒకరికి చెప్పి తర్వాత ఇంకొకరికి చెప్పడం కాదు, నలుగుర్నీ కలిపి ఒకే వాక్యం. ‘మొదలైంది పద్నాలుగు దగ్గర, మా లెక్క ఆరు, మిగిలింది ఎనిమిది. సైడ్ లైన్ బాల్, హోమ్ టీమ్‌ది.’

అవతలి కోచ్ ఊరుకోలేదు. ‘వాళ్ల కాలేజీ కుర్రాడు లేటైందంటే మీరు నమ్మేస్తారా?’

‘నేను అతన్ని నమ్మలేదు మాస్టారూ. మా వాడి చేతిని నమ్మాను.’

‘నేనొప్పుకోను.’

‘ఒప్పుకోనక్కర్లేదు. మ్యాచ్ అయ్యాక పదిహేను నిమిషాలు. ఇదిగో, ఇక్కడ మీ కెప్టెన్ సంతకం.’ తడిసిన స్కోర్ షీట్ మీద ఆ గడి మీద వేలు పెట్టి చూపించారు. ‘ఇప్పుడు బాల్ ఇస్తున్నాను.’

అంతే, వెనక్కి తిరిగి నడిచారు. టెక్నికల్ ఫౌల్ ఇవ్వలేదు. ఇవ్వొచ్చు, ఆయన గొంతు బాగానే లేచింది. కానీ కోచ్ అడిగింది అన్యాయమైన ప్రశ్న కాదు. నా స్థానంలో ఎవరున్నా అనుమానం వస్తుంది. కోపం వేరు, అవమానించడం వేరు. ఆ తేడా చూడలేని రెఫరీ చేతిలో విజిల్ ఉంటే మ్యాచ్ అక్కడే ముగుస్తుంది.

ఆ ఎనిమిది సెకన్లలో ఏమైందో చెప్తాను. అంతకుముందు ఇంకో మూడు సెకన్ల కథ చెప్పాలి. అది మ్యూనిక్‌లో, 1972 ఒలింపిక్స్ ఫైనల్. యూట్యూబ్‌లో ఉంది, ఇది చదివాక చూడండి.

అమెరికా, సోవియట్ యూనియన్. సెప్టెంబర్ 9 రాత్రి, అమెరికా టీవీ ప్రేక్షకుల కోసం అర్ధరాత్రికి కాస్త ముందు మొదలెట్టారు. అప్పటిదాకా ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో అమెరికా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, వరసగా 63 గెలుపులు. కానీ ఆ రాత్రి మ్యాచ్ అంతా సోవియట్లే ముందున్నారు. చివర్లో 49-48. డగ్ కాలిన్స్ అనే అమెరికా కుర్రాడు బాల్ లాక్కుని పరిగెత్తాడు, కింద పడగొట్టారు, ఫౌల్. మూడు సెకన్లు మిగిలాయి. తల తిరుగుతున్నా లేచి రెండు ఫ్రీ త్రోలు వేశాడు. మొదటిది పడింది. రెండోది వేస్తుండగా టేబుల్ దగ్గర హారన్ మోగింది. అయినా వేశాడు. పడింది. 50-49.

ఆ హారన్ ఎందుకు? సోవియట్లు టైమవుట్ అడిగామన్నారు. టేబుల్ వాళ్లు దాన్ని సరైన టైమ్‌కి అందించలేకపోయారు. అప్పటి రూల్ ప్రకారం రెండో ఫ్రీ త్రో పడ్డాక టైమవుట్ ఇవ్వడం కుదరదు. ఆట సాగిపోయింది. సోవియట్ కోచ్‌లు టేబుల్ మీదకి దూసుకొచ్చారు, ఆ గందరగోళం చూసి రెఫరీ రెనాటో రిగెట్టో, బ్రెజిల్ ఆయన, ఆట ఆపేశారు. అప్పటికి గడియారంలో మిగిలింది ఒక్క సెకను.

సరిగ్గా ఇక్కడ మన మాస్టారైతే ఏం చేసేవారు? కోచ్‌లని పక్కకి పంపి, టేబుల్‌ని అడిగి, తన మనిషిని అడిగి, తేల్చేవారు. మ్యూనిక్‌లో రెఫరీకి ఆ అవకాశమే రాలేదు. స్టాండ్స్‌లోంచి విలియం జోన్స్ దిగొచ్చారు. ఆయన అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య సెక్రటరీ జనరల్, బాస్కెట్‌బాల్ లోకంలో అంతకంటే పెద్దమనిషి లేరు. వచ్చి మూడు వేళ్లు చూపించారు. మూడు సెకన్లూ వెనక్కి పెట్టమని. నడుస్తున్న ఆటలో అలా జోక్యం చేసుకునే అధికారం రూల్స్‌లో ఆయనకి లేదు. కానీ అంతటివాడు వచ్చి వేళ్లు చూపిస్తే కాదనేదెవరు?

రెండోసారి బాల్ ఇచ్చారు. అప్పటికి టేబుల్ వాళ్లు గడియారాన్ని ఇంకా తిప్పుతూనే ఉన్నారు, బోర్డు మీద 50 సెకన్లు కనిపిస్తోంది. పాస్ వెళ్లింది, హారన్ మోగింది, అమెరికా వాళ్లు గెలిచామని ఎగిరి గంతులేశారు. మళ్లీ వెనక్కి రమ్మన్నారు. గడియారం సరిగ్గా పెట్టలేదట. మూడోసారి. ఇవాన్ ఎదెష్కో కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి విసిరాడు, అలెగ్జాండర్ బెలోవ్ ఇద్దరు అమెరికన్ల మధ్య ఎగిరి పట్టుకున్నాడు, వాళ్లిద్దరూ పడిపోయారు, బెలోవ్ మెల్లిగా బాస్కెట్‌లో వేశాడు. 51-50.

అమెరికా కోచ్ హ్యాంక్ ఐబా ప్రొటెస్ట్ కాగితం మీద సంతకం పెడుతుంటే ఎవరో ఆయన పర్సు కొట్టేశారు. ఆ రాత్రికి అదొకటే తక్కువైంది. అయిదుగురు సభ్యుల అప్పీల్ కమిటీ 3-2 తేడాతో ప్రొటెస్ట్ కొట్టేసింది. ఆ ముగ్గురూ కమ్యూనిస్టు దేశాల వాళ్లు. అమెరికా టీమ్ వెండి పతకాలు తీసుకోవడానికి వేదిక ఎక్కలేదు. ఆ టీమ్‌లో ఒకడైన కెన్నీ డేవిస్, తాను పోయాక కూడా తన కుటుంబంలో ఎవరూ ఆ పతకం తీసుకోకూడదని వీలునామాలో రాసిపెట్టాడు. ఇక రెఫరీ రిగెట్టో? స్కోర్ షీట్ మీద సంతకం పెట్టనన్నారు.

నా వరకూ ఆ రాత్రి మొత్తంలో నన్ను పట్టుకునేది బెలోవ్ బాస్కెట్ కాదు, పెట్టని ఆ సంతకం. మీరు అమెరికా పక్షమైనా కాకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. సోవియట్ల మాటలో పస ఉంది. టైమవుట్ ముందే అడిగారు, టేబుల్ తడబడింది, మూడు సెకన్లూ వాళ్లకి రావాల్సినవే అని వాదించొచ్చు. బహుశా రెఫరీ కూర్చుని తేల్చినా మూడు సెకన్లే ఇచ్చేవాడేమో. అప్పుడు ఓడినవాళ్లు తిట్టుకుంటూ పతకం తీసుకుని ఇంటికెళ్లేవాళ్లు. స్టాండ్స్‌లోంచి వచ్చిన మూడు వేళ్ల వల్ల, సరైన లెక్క కూడా దొంగలెక్కలా మిగిలిపోయింది. అర్ధశతాబ్దం దాటినా ఆ వాదన చల్లారలేదు.

ఇప్పుడైతే టెక్నాలజీ వచ్చేసింది అంటారు మీరు. వచ్చింది. ఎన్‌బీఏలో రెఫరీ నడుముకి ఒక చిన్న పెట్టె ఉంటుంది, విజిల్ వేస్తే ఆ శబ్దాన్ని గుర్తుపట్టి గడియారం దానంతటదే ఆగుతుంది. ఈ ఆలోచన చేసింది కూడా ఒక మాజీ ఎన్‌బీఏ రెఫరీయే. టైమర్ చెయ్యి ఎంత లేటవుతుందో రెఫరీ కంటే ఎవరికి బాగా తెలుసు? పెద్ద టోర్నీల్లో వీడియో రీప్లే ఉంది, క్రూ చీఫ్ స్క్రీన్ దగ్గరికెళ్లి సెకనులో పదో వంతు దాకా చూసుకోవచ్చు. 2022 రూల్స్ నుంచి ఫీబా కోచ్‌కి కూడా మ్యాచ్‌కి ఒక చాలెంజ్ ఇచ్చింది, రీప్లే సదుపాయం ఉన్నచోట. మన క్రికెట్ డీఆర్ఎస్ లాంటిదే అనుకోండి. చేత్తో టీవీ డబ్బా గీసి చూపించి అడగాలి. అరిచే కోచ్‌కి ఒక పద్ధతి దొరికిందన్నమాట.

టెన్త్ ఆఫ్ ఎ సెకండ్ మీద కూడా ఒక సరదా కథ ఉంది. 1990 జనవరిలో న్యూయార్క్ నిక్స్ ఆటగాడు ట్రెంట్ టక్కర్, గడియారంలో 0.1 సెకను ఉండగా బాల్ అందుకుని, గాల్లోకి లేచి, మూడు పాయింట్లు వేసేశాడు. షికాగో బుల్స్ ఓడిపోయింది. పదో వంతు సెకనులో పట్టుకుని, తిరిగి, వేయడం మనిషికి సాధ్యమా? టైమర్ చెయ్యి లేటవ్వబట్టే కుదిరిందని అందరికీ అర్థమైంది. ఆ తర్వాత ఎన్‌బీఏ రూలు పెట్టింది. 0.3 కంటే తక్కువ ఉంటే పట్టుకుని షాట్ కొట్టడం చెల్లదు, గాల్లోనే తట్టి వేయాలి. ఫీబాలో 0.3 ఉంటే షాట్ కొట్టొచ్చు, 0.2, 0.1 అయితే తట్టడమో నేరుగా డంక్ చేయడమో. టైమర్ చెయ్యి మీద నమ్మకం లేక పుట్టిన రూలు అది. చదివినప్పుడు నాకు పర్సనల్‌గా తగిలింది.

కానీ ఈ మెషిన్లన్నీ ఉన్నది టీవీలో కనపడే మ్యాచ్‌లకి. మన జిల్లాల్లో చాలా కోర్టుల మీద ఇప్పటికీ ఉన్నది ఒక స్టాప్‌వాచీ, ఒక కుర్రాడు, ఒక పీఈటీ మాస్టారు. ఇంకో సంగతుంది. ఇవాళ ఇక్కడ కోచ్‌గా అరిచిన పీడీ సార్ వచ్చే వారం ఇంకో ఊళ్లో విజిల్ పట్టుకుని రెఫరీ అవుతాడు. ఇవాళ రెఫరీ అయిన మాస్టారు అక్కడ తన స్కూల్ పిల్లల బెంచీ ముందు నిలబడతాడు. అందరూ అందర్నీ ఎరిగినవాళ్లే. అందుకే రెఫరీకి ఇక్కడ రెండు పనులుంటాయి. మ్యాచ్ నడపాలి, రేపు మళ్లీ మొహాలు చూసుకునేలా ఉంచాలి. ఇద్దరు కోచ్‌లనీ కలిపి పిలిచి ఒకే వాక్యం చెప్పడం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? ఒకరితో విడిగా మాట్లాడితే రెండోవాడు ఆ మాటల్ని జీవితాంతం ఊహించుకుంటాడు.

ఆ ఎనిమిది సెకన్లు. గడియారంలో ఎనిమిదున్నాయి గానీ మధ్యగీత దాటడానికి మావాళ్లకి మిగిలింది రెండే. బాల్ అదే టీమ్‌కొస్తే ఆ పాత లెక్క కొనసాగుతుంది, కొత్త ఎనిమిది ఇవ్వరు. మా పీడీ సార్ ఆ సంగతి మర్చిపోయారు, మాస్టారు మర్చిపోలేదు. బాల్ ఇచ్చేముందు రెండు వేళ్లు చూపించి మా కెప్టెన్‌కి గుర్తుచేశారు, అవతలి కెప్టెన్ వినేలా. మావాడు ఈసారి చేత్తో ఇవ్వకుండా గీత అవతలికే నేరుగా విసిరాడు. పట్టుకున్నవాడు రెండు డ్రిబుల్స్ వేసి, ఒకణ్ని తప్పించి, ఎగిరాడు. నా ఒక చేతిలో వాచీ, ఇంకో చేతిలో ఇనప కడ్డీ. కళ్లు ఎటు పెట్టాలో తెలీలేదు. వాచీ మీదే పెట్టాను. ఎనిమిది సెకన్లవగానే గంట కొట్టాను. తలెత్తేసరికి బాల్ ఇంకా గాల్లోనే ఉంది. రింగు మీద ఒకసారి కూర్చుంది, దొర్లింది, బయటికి పడింది.

ఓడిపోయాం. అవతలి కెప్టెన్ ప్రొటెస్ట్ సంతకం పెట్టే అవసరం రాలేదు. మాస్టారు టేబుల్ దగ్గరికొచ్చి, తడిసిన స్కోర్ షీట్‌ని ఊది ఊది ఆరబెట్టి, పెన్ను నిబ్బు చిరగకుండా మెల్లిగా సంతకం పెట్టారు. లేస్తూ నాతో, ‘బాల్ మీదకొస్తే మొహం పగిలినా ఫర్లేదు, వేలు మాత్రం తియ్యకు’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. మా పీడీ సార్ మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిది సెకన్లూ వచ్చాయి కదా సార్, ఓడితే నేనేం చేసేది అని అడగాలనుంది గానీ, అడగలేదు.

స్కోర్‌బోర్డు మళ్లీ ఆటోనగర్ వెళ్లింది. బాబాయ్ ఈసారి లారీకి వాడే ఫ్యూజ్ ఒకటి మధ్యలో పెట్టాడు, జనరేటర్ తన్నినా బోర్డు పోకుండా. ‘గొడవొచ్చిందా?’ అని అడిగాడు. వచ్చింది బాబాయ్, చాలా పెద్దది అన్నాను. మొత్తం కూర్చోబెట్టి చెప్పించుకున్నాడు. అంతా విని, ‘మరి ఆ చేత్తో లెక్కపెట్టినాయన స్పీడుగా ఊపుంటే?’ అన్నాడు. బాబాయ్ బుర్ర అలాంటిది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మరుసటేడు మళ్లీ మా గ్రౌండ్‌లోనే మ్యాచ్. నేనే టైమర్. రెఫరీగా వచ్చింది ఎవరనుకున్నారు? ఆ రోజు నా మీద అరిచిన అవతలి కోచే. నన్ను గుర్తుపట్టారు. బోర్డు వెలుగుతోంది, కౌంట్ బాగానే ఉంది, అయినా ఆయన సరాసరి టేబుల్ దగ్గరికొచ్చి, ‘స్టాప్‌వాచీ కూడా ఉందా?’ అన్నారు. ఉంది సార్ అని ఇచ్చాను. చేతిలో తిప్పి చూసి, మళ్లీ నాకిచ్చి, రెండడుగులు వెనక్కేసి విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ‘నేను వేస్తాను. నువ్వు ఆపు.’

అయిదుసార్లు వేశారు. అయిదుసార్లు ఆపాను. ఆరోసారి విజిల్ వేస్తూ చేతిలో ఉన్న బాల్‌ని ఉన్నట్టుండి నా మొహం మీదకి విసిరారు.